జపానులో భారత సైనికుని ఛాయాచిత్రాలు: ‘హైదరాబాదు’ అనే పేరు

1946 తొలి నెలల్లో బ్రిటిష్ కామన్వెల్త్ ఆక్రమణ సేనలో భాగంగా భారత సైనికులు జపానుకు చేరారు. ఆస్ట్రేలియా దళాలు హిరోషిమా ప్రాంతాన్ని చూసుకోగా, బ్రిటిష్-ఇండియన్ డివిజను ఒకయామా కేంద్రంగా పనిచేసింది. అందులోని 268వ పదాతి బ్రిగేడుకు కె.ఎస్. తిమ్మయ్య నాయకత్వం వహించాడు. స్వదేశంలో పాలితుడు, పరదేశంలో విజేత. ఈ విచిత్రస్థితి అధికారిక నివేదికలకంటె సైనికుల సొంత ఛాయాచిత్రాలలోనే ఎక్కువగా తెలుస్తుంది.

ప్రభుత్వ ఛాయాగ్రాహకులు కవాతులను, టోక్యోలో చక్రవర్తి ప్రాసాదం వద్ద కాపలాను చిత్రించారు. ఆక్రమణ సేన సైనికులు తామై తీసుకున్న చిత్రాలలో శిథిలాలు, గుడి ద్వారాలు, బజారు వీధులు, పిల్లలు కనిపిస్తారు. స్థానికులతో కలివిడిగా మెలగరాదన్న ఆదేశం అమలులో ఉన్న కాలమది. అయితే పిల్లవాడి చిరునవ్వును స్నేహానికి సాక్ష్యంగా వెంటనే స్వీకరించలేం. ఎదుట ఉన్నది ఆక్రమించిన సేన, అడిగితే కాదనడం ఎంతవరకు సాధ్యం?

తెలుగు ప్రాంత పరిశోధకుడికి ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. తిమ్మయ్య సైనికజీవితంలో ప్రధానభాగం 19వ హైదరాబాదు రెజిమెంటులో గడిచింది. నిజాము కాలపు హైదరాబాదు కంటింజెంటు దాని మూలం; బొలారం ఆ కంటింజెంటుకు ముఖ్యస్థావరం. కాని ఇరవయ్యో శతాబ్దంలో ఆ రెజిమెంటులో ప్రధానంగా కుమావూనీలు, జాట్లు, అహీర్లు చేరారు. 1945 అక్టోబరులో దాని పేరే కుమావూన్ రెజిమెంటుగా మారింది. కనుక పాత చిత్రం కింద ‘హైదరాబాదు’ అని ఉన్నంత మాత్రాన అది ఈ ఊరి సైనికునిది కాదు.

మరి తెలుగువారు ఎక్కడ? బ్రిటిషువారి ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం తెలుగువారిని పదాతిదళాలనుండి చాలావరకు దూరం చేసింది. మద్రాసు సాపర్లలోను, రెండవ ప్రపంచయుద్ధంలో పునరుద్ధరించిన మద్రాసు రెజిమెంటులోను వారు కనిపిస్తారు. వంతెన కట్టినవాడు, లారీ నడిపినవాడు ప్రాసాదం ముందు కాపలా కాసినవాడంత తరచుగా అధికారిక చిత్రానికి ఎక్కడు. అందువల్ల వారి విషయంలో ఇంటి ఆల్బమే ముఖ్యాధారం.

సికింద్రాబాదు కంటోన్మెంటుకు, రైల్వే వర్క్‌షాపుకు చేరువలో ఉన్న లాలాగూడ, తార్నాక ప్రాంతాలలో అటువంటి ఆల్బములను వెతకవలసి ఉంటుంది. చిత్రం దొరికినప్పుడు ముందు చూడవలసింది ముఖం కాదు: టోపీ మీది చిహ్నం, భుజం మీది పట్టీ, వెనుక స్టూడియో ముద్ర, చేతివ్రాతలో ఉన్న తేదీ. కుటుంబం చెప్పే కథను ఆ తరువాతనే, ఆ గుర్తులతో పోల్చి వినాలి.