పాలెగాడి ఇల్లు, పనివాడి చూపు: 1846 తిరుగుబాటు, గిద్దలూరు ప్రాంతం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• పాలెగాడి ఇంటికీ, దాన్ని నమ్ముకొన్న పనివారికీ మధ్య ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• 1846 తిరుగుబాటు కారణాలను కట్టుబడుల వైపు నుంచి విశ్లేషించగలుగుతారు.
• అధికార పత్రాలను, జనశ్రుతిని ఎంత జాగ్రత్తగా వాడుకోవాలో గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు మీకు కొత్త కాదు. 2019లో వచ్చిన 'సైరా నరసింహారెడ్డి' సినిమాను మీలో చాలామంది చూసే ఉంటారు. గిద్దలూరు, కంభం వైపు వారైతే ఆయన పాటను పెద్దల నోట విని ఉండవచ్చు. ఆ వీరగాథను మళ్ళీ చెప్పడం ఈ పాఠం ఉద్దేశం కాదు. ఆ ఇంట్లో కూటికీ, జీతానికీ, మాన్యానికీ పనిచేసిన మనుషులు ఉన్నారు. వారి పక్కన నిలబడి ఆ ఇంటిని చూస్తే ఏమి కనిపిస్తుందన్నదే మన ప్రశ్న.

ముందుగా ప్రాంతం గురించి రెండు మాటలు. 1800లో నిజాం దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. వాటితోపాటు కంభం, మార్కాపురం సీమ కూడా కంపెనీ చేతికి వచ్చింది. 1846 నాటికి ఇటు కంభం, అటు కోయిలకుంట్ల రెండూ కడప జిల్లాలోనే ఉన్నాయి. 1858లో అవి కర్నూలు జిల్లాలో కలిశాయి. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం 1970లో ఒంగోలు జిల్లాలో చేరింది. ఆ జిల్లాకే తరవాత ప్రకాశం అని పేరు పెట్టారు. అంటే ఈ రోజు మనం వేరువేరు జిల్లాల పేర్లతో పిలిచే గిద్దలూరు, కోయిలకుంట్ల ఆనాడు ఒకే కలెక్టరు కింద ఉండేవి. నంద్యాల వైపు నుంచి గిద్దలూరు వైపుకు నల్లమలను దాటే దారి నంది కనమ. మన కథ ఆ కొండకు రెండు వైపులా నడుస్తుంది.

2. పాలెగాడి ఇల్లు ఎలా నడిచేది?

పాలెగాడి ఇల్లు అంటే ఒక కుటుంబం మాత్రమే కాదు. వంటచేసేవారు, నీళ్లు మోసేవారు, పశువులను, గుర్రాలను చూసుకొనేవారు, కబురు తీసుకుపోయేవారు, రాత్రి కావలి కాసేవారు అందరూ ఆ ఇంటి నీడన బతికేవారు. వీరిలో ఆయుధం పట్టేవారికి 'కట్టుబడులు' అని పేరు. కావలి, బందోబస్తు, అవసరమైతే యుద్ధం వీరి పని. అందుకు ప్రతిఫలంగా పాలెగాడు వారికి కొంత భూమిని శిస్తు లేకుండానో, నామమాత్రపు శిస్తుకో ఇచ్చేవాడు.

ఈ ఏర్పాటులోని కిటుకును మీరు గమనించాలి. కట్టుబడికి ఆ చెక్క తన సొంతమన్న భావన ఉండేది, కానీ దానికి ఆధారం యజమాని అధికారమే. యజమాని నిలబడినంత కాలం చెక్క నిలబడుతుంది. యజమాని పడిపోతే నౌకరు కాళ్ల కింద నేల కూడా కదులుతుంది. దీన్ని 'స్వామిభక్తి' అన్న ఒక్క మాటతో సరిపెడితే అసలు సంగతి మరుగున పడుతుంది. భక్తి ఉండవచ్చు. దాని పక్కనే బతుకు లెక్క కూడా ఉంది.

దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో (1800–1807) పాలెగాళ్ల సైనిక బలాన్ని అణచి, వారిలో చాలామందిని భరణం తీసుకొనే స్థితికి తెచ్చాడు. రైతువారీ పద్ధతి వేళ్లూనుకొన్న కొద్దీ కట్టుబడి మాన్యాల మీద సర్కారు కన్ను పడింది. మాన్యందారు చనిపోతే ఆ భూమిని సర్కారు స్వాధీనం చేసుకోవడం, దానికి శిస్తు కట్టడం మొదలైంది. యజమానికి కోటకు బదులు భరణమైనా దక్కింది. కట్టుబడికి మాన్యానికి బదులు దక్కినదేమీ లేదు.

3. ఖజానా గుమ్మం దగ్గర

నరసింహారెడ్డి నొస్సం పాలెగాడు జయరామిరెడ్డికి మనుమడు. ఆయనకు వచ్చే భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. అణాకు 12 పైసలు, రూపాయికి 16 అణాలు అన్న ఆనాటి లెక్క ప్రకారం ఇది సంవత్సరానికి సరిగ్గా 140 రూపాయలు.

జనంలో బాగా ప్రచారంలో ఉన్న కథనం ప్రకారం, ఆ భరణం తెమ్మని రెడ్డి తన మనిషిని కోయిలకుంట్ల ఖజానాకు పంపాడు. తహసీల్దారు డబ్బు ఇవ్వలేదు సరికదా, ఒక బిచ్చగాడు ఇంకో బిచ్చగాణ్ణి పంపాడా అని ఎగతాళి చేశాడు. ఈ కథను మనం సాధారణంగా రెడ్డి వైపు నుంచే వింటాం. ఆయనకు అవమానం జరిగింది, ఆయనకు కోపం వచ్చింది. కానీ ఆ మాట పడిన మనిషి ఎవరు? నలుగురి మధ్య నిలబడి విన్నవాడు నౌకరు. ఉత్త చేతులతో అంత దూరం వెనక్కి నడిచినవాడు నౌకరు. విన్న మాటను యజమాని ముందు తిరిగి పలకవలసిన కష్టం కూడా అతనిదే. కథలో అతనికి పేరు లేదు. కానీ అతను నోరు తెరవకపోతే కథే లేదు.

నేను పాఠాలు చెప్పే రోజుల్లో విద్యార్థులను ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: "నెలకు పన్నెండు రూపాయలు కూడా లేని ఒక మనిషి భరణం కోసం వేల మంది ప్రాణాలకు తెగిస్తారా?" కాసేపు తరగతి నిశ్శబ్దంగా ఉండేది. జవాబు కట్టుబడుల దగ్గర ఉంది. 1846లో కొందరు మాన్యందారులు చనిపోగా గుళ్లదుర్తి, కోయిలకుంట్ల, నొస్సం వంటి చోట్ల భూములు సర్కారు పరమయ్యాయి. పోగొట్టుకొన్నవారు రెడ్డి చుట్టూ చేరారు. యజమాని అవమానం నిప్పురవ్వ అయితే, ఎండిన గడ్డి నౌకర్ల మాన్యాలు.

4. కొండ దాటి గిద్దలూరుకు

1846 జూలైలో తిరుగుబాటుదారులు కోయిలకుంట్ల ఖజానాను కొల్లగొట్టారు. మిట్టపల్లి దగ్గర పోలీసులను తప్పించుకొని రుద్రవరంలో దోపిడీ చేశారు. ఆ తరవాత సైన్యం వారిని చుట్టుముట్టింది. ఒక దశలో వారి సంఖ్య 5,000 అని బ్రిటిష్ వారు అంచనా వేశారు. సుమారు 200 మంది చనిపోయాక, మిగిలినవారు వలయాన్ని ఛేదించుకొని గిద్దలూరు ప్రాంతంలోని కొత్తకోట వైపు కదిలారు.

ఎందుకు కొత్తకోట? అక్కడ రెడ్డి కుటుంబం ఉంది. యుద్ధ చరిత్రలు ఈ విషయాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. మనం కొంచెం ఆగుదాం. కుటుంబాన్ని వెంటబెట్టుకొని నల్లమలలోకి పోవడమంటే ఏమిటి? ఆడవారిని, పిల్లలను దారిలేని చోట నడిపించాలి. వానాకాలపు అడవిలో పొయ్యి రాజెయ్యాలి, పొగ కనపడకుండా చూడాలి. గింజలు మొయ్యాలి, నీళ్లున్న చోటు తెలియాలి. ఇవన్నీ నౌకరు పనులు. గడపలో యజమాని నౌకరును పోషిస్తాడని అనుకొంటాం. అడవిలో అది తలకిందులవుతుంది. అక్కడ నౌకరు లేకపోతే యజమానికి పూట గడవదు.

ఈ తిరుగుబాటులో రెడ్డికి కుడిభుజంగా జనం చెప్పుకొనే వడ్డె ఓబన్న మట్టిపని, రాతిపని చేసే వడ్డెర కులానికి చెందినవాడు. ఇప్పుడు ఏటా జనవరి 11న ఆయన జయంతిని జరుపుతున్నారు. చాలాకాలం యజమాని కథలో ఒక పాత్రగా మాత్రమే ఉన్న మనిషికి తన సొంత తేదీ దొరకడం చిన్న విషయం కాదు.

5. అన్నం పెట్టిన చేయి

తిరుగుబాటుదారుల జాడ చెప్పినవారికి కంపెనీ బహుమతులు ఆశ చూపింది. మళ్ళీ చుట్టుముట్టి జరిపిన పోరాటంలో 40, 50 మంది చనిపోయారు. రెడ్డితో సహా 90 మంది పట్టుబడ్డారు. అది 1846 అక్టోబరు. అప్పటి కడప కలెక్టరు కాక్రేన్.

జనశ్రుతి మాత్రం వేరేగా చెబుతుంది. అన్నం వండిపెట్టే ఆమె డబ్బుకు ఆశపడి తిండిలో మత్తుమందు కలిపిందనీ, ఆయుధం దాచేసిందనీ, అందుకే రెడ్డి దొరికాడనీ ఆ కథనం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అధికార కథనంలో సైన్యం బలం, బహుమతులు ఉన్నాయి. జనం కథనంలో వంటగది ఉంది.

వీరుడు పోరులో ఓడిపోయాడని ఒప్పుకోవడం అతన్ని ప్రేమించే జనానికి కష్టం. ఇంట్లోవారే మోసం చేశారంటే వీరుడి పరాక్రమానికి మచ్చ రాదు. ఆ మచ్చను మోయడానికి ఎవరో ఒకరు కావాలి. నోరులేని మనిషి అయితే మేలు. అలా వంటమనిషి దొరుకుతుంది. ఆమె నిర్దోషి అని ఈ పాఠం తీర్పు చెప్పడం లేదు. ఖజానా గుమ్మం దగ్గర అవమానం మోసినదీ, అడవిలో మూటలు మోసినదీ, చివరకు నింద మోసినదీ పనివారే అన్న క్రమాన్ని మాత్రం మీరు గుర్తించాలి.

6. శిక్షలు ఎవరికి?

సుమారు వెయ్యి మందిపై వారంట్లు వచ్చాయి. 412 మందిని అభియోగం లేకుండా విడిచిపెట్టారు. 273 మందికి జామీను దొరికింది. 112 మందికి శిక్ష పడింది. వారిలో చాలామందికి 5 నుంచి 14 సంవత్సరాల ఖైదు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో 2,000 మందికి పైగా జనం చూస్తుండగా నరసింహారెడ్డిని ఉరితీశారు. ఆయన తలను 1877 వరకు కోట మీద వేలాడదీశారు. ఆ త్యాగం గొప్పది. మనం ఒక ఉరిని గుర్తుపెట్టుకొన్నాం, అదీ న్యాయమే. కానీ 112 అన్న అంకె వెనక 112 ఇళ్లు ఉన్నాయి. సంపాదించే మనిషి జైలుకు, చెక్క సర్కారుకు పోయిన ఆ ఇళ్లకు పాట లేదు.

7. పనివాడే రాస్తే?

పనివాడి చూపు అసలు దొరకదా? అరుదుగా దొరుకుతుంది. హుమాయూన్‌కు నీళ్ల కూజా పట్టిన జౌహర్ ఆఫ్తాబ్‌చీ, అక్బరు కాలంలో 1587 ప్రాంతంలో తన యజమాని చరిత్రను రాశాడు. చక్రవర్తి వెంట కష్టకాలంలో తిరిగిన మనిషి కాబట్టి ఆకలి, దాహం, పరుగు అందులో దగ్గరగా కనిపిస్తాయి. మన దగ్గర వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961) చిన్నతనంలో ఇతరుల ఇళ్లలో వంటపని చేసి బతికాడు. తరవాత 'ప్రజల మనిషి' నవలలో తెలంగాణ దొర పెత్తనాన్ని చిత్రించాడు. జౌహర్ యజమానిని ప్రేమతో చూశాడు, ఆళ్వారుస్వామి దొరతనాన్ని ప్రశ్నించాడు. కాబట్టి పనివాడి చూపు ఒకే రకంగా ఉండదు. ఉయ్యాలవాడ ఇంటి నుంచి అలాంటి రాత రాలేదు. అందుకే అధికారుల అంకెల మధ్య, పాటల మధ్య మనం ఆ చూపును వెతుక్కోవలసి వస్తుంది.

8. సారాంశం

1846 తిరుగుబాటు ఒక పాలెగాడి భరణం గొడవ మాత్రమే కాదు. ఆ ఇంటి నీడన బతికిన కట్టుబడుల భూమి గొడవ కూడా. నౌకర్లు యజమాని కోసం మాత్రమే పోరాడలేదు, తమ కోసం కూడా పోరాడారు. వారిని విశ్వాసపాత్రులుగానో, ద్రోహులుగానో మాత్రమే చూపితే ఈ సంగతి మన కంటికి ఆనదు. ఇకమీదట ఏ పెద్ద కుటుంబం చరిత్ర చదివినా ఒక ప్రశ్న వేసుకోండి: ఆ రోజు ఆ ఇంట్లో అన్నం ఎవరు వండారు, వారికి ఏమి మిగిలింది?

కీలక పదాలు

పాలెగాడు: కొన్ని గ్రామాలపై సైనిక, పాలన అధికారం ఉన్న స్థానిక నాయకుడు.
కట్టుబడి: మాన్యం పొంది పాలెగాడికి కావలి, సైనిక సేవ చేసేవాడు.
మాన్యం: సేవకు ప్రతిఫలంగా శిస్తు లేకుండా లేదా తక్కువ శిస్తుకు ఇచ్చిన భూమి.
జనశ్రుతి: జనం నోట తరతరాలుగా వస్తున్న కథనం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కట్టుబడి మాన్యాల స్వాధీనానికీ 1846 తిరుగుబాటుకూ ఉన్న సంబంధాన్ని వివరించండి.
2. నరసింహారెడ్డి పట్టుబడటం గురించిన అధికార కథనాన్ని, జనశ్రుతిని పోల్చండి.
3. మీ ఊళ్లో ఒక పెద్ద ఇంటి గురించి చెప్పుకొనే కథను సేకరించండి. అందులో పనివారు ఎక్కడెక్కడ కనిపిస్తారో, వారికి పేర్లు ఉన్నాయో లేవో గమనించి ఒక పుట రాయండి.