తెలుగునాట వారసత్వ హక్కు – న్యాయసహాయం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కుటుంబ ఆస్తిలో హక్కు ఉండడం వేరు; ఆ హక్కును తెలుసుకొని పొందగలగడం వేరు. ఈ రెండింటి మధ్య ప్రతి యుగంలోనూ ఒక మధ్యవర్తి నిలిచాడు. ధర్మశాస్త్ర పండితుడు, వకీలు, దస్తావేజు లేఖరి ఆ స్థానంలో వరుసగా కనిపిస్తారు. హిందూ వారసత్వ న్యాయాన్ని, ప్రధానంగా స్త్రీల హక్కును ఆధారం చేసుకొని, తెలుగువారికి న్యాయసహాయం అందిన తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. విజ్ఞానేశ్వరీయం: తెలుగులో ధర్మశాస్త్రం

యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్య కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలం నాటిది. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన దీనిని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాలలో సంగ్రహించాడు. ఆంధ్రభాషాభూషణం రచించి వ్యాకరణాన్ని తెలుగులో చెప్పిన కవి, వ్యవహార ధర్మాన్నీ తెలుగులోకి తేవడం యాదృచ్ఛికం కాదు. సంస్కృతం తెలియనివారికి శాస్త్రాన్ని అందుబాటులోకి తేవడమే ఈ రెండు రచనల సమాన లక్షణం.

మితాక్షర సిద్ధాంతంలో కొడుకుకు పూర్వికుల ఆస్తిపై పుట్టుకతోనే హక్కు ఏర్పడుతుంది. కుమార్తెకు ఆ జన్మహక్కు లేదు. అయితే స్త్రీని ఆ సిద్ధాంతం పూర్తిగా వెలివేయలేదు. విభక్తుడై పుత్రసంతానం లేక మరణించినవాని ఆస్తికి మొదట భార్య, తరువాత కుమార్తె వారసులు. తండ్రి అనంతరం కొడుకులు పంచుకొనేటప్పుడు తల్లికి సమానభాగం ఇవ్వాలని యాజ్ఞవల్క్యుడు విధించాడు. ఈ రెండవ నియమానికి పట్టిన గతి తరువాతి చరిత్రలో గమనార్హం.

2. పండితుని నుండి వకీలుకు

వారసత్వ వివాదాలలో హిందువులకు శాస్త్రమే ప్రమాణమని 1772లో వారన్ హేస్టింగ్స్ ప్రణాళిక నిర్దేశించింది. దాని ఫలితంగా కంపెనీ న్యాయస్థానాలలో పండితులు సలహాదారులయ్యారు. 1810లో కోల్‌బ్రూక్ మితాక్షరలోని దాయవిభాగాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. మద్రాసు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన థామస్ స్ట్రేంజ్ హిందూ న్యాయంపై ఆంగ్ల గ్రంథం ప్రకటించాడు. 1864లో కోర్టు పండితుల పదవులు రద్దయ్యాయి. అప్పటి నుండి ఆంగ్ల అనువాదాలు, పూర్వపు తీర్పులే ప్రమాణాలు. కేతన తెలుగు చేసిన న్యాయం ఆ విధంగా మళ్లీ పరభాషలోకి వెళ్లింది.

పంపకంలో తల్లికి సమానభాగం అన్న విధి దక్షిణదేశంలో ఆచరణలో లేదని మద్రాసు న్యాయసంప్రదాయం పరిగణించింది. శాస్త్రంలో ఉన్న స్త్రీ హక్కు వ్యవహారంలో లుప్తమైంది.

ఈ కాలపు న్యాయసహాయం స్వరూపాన్ని గురజాడ కన్యాశుల్కం (1897, పునర్లిఖితం 1909) ప్రతిఫలిస్తుంది. దావాల మోజులో పడిన అగ్నిహోత్రావధానులు, కోర్టు లొసుగులు తెలిసిన రామప్పపంతులు, ధర్మనిష్ఠ గల వకీలు సౌజన్యారావు పంతులు ఈ నాటకంలో ఒకే న్యాయవ్యవస్థకు మూడు పార్శ్వాలు. చట్టం ఎవరికి తెలుసో వారి శీలాన్ని బట్టే కక్షిదారు భవిష్యత్తు నిర్ణయమవుతుందన్న సత్యం ఈ పాత్రల వల్ల స్పష్టమవుతుంది.

3. వీలునామా

అవిభక్త కుటుంబంలోని సభ్యుడు ఉమ్మడి ఆస్తిలో తన భాగాన్ని మరణశాసనం ద్వారా ఇవ్వడానికి మితాక్షర న్యాయం అంగీకరించలేదు. స్వార్జితానికి మాత్రమే వీలునామా చెల్లేది. 1870 నాటి హిందూ వీలునామాల చట్టం మద్రాసు రాజధానిలో మద్రాసు నగరానికే పరిమితం. జిల్లాలలోని హిందువుల వీలునామాలకు లిఖితరూపం, ఇద్దరు సాక్షుల ధ్రువీకరణ తప్పనిసరి అయినది 1927 జనవరి 1 నుండి. వీలునామాకు రిజిస్ట్రేషన్ నేటికీ ఐచ్ఛికమే. ఉమ్మడి ఆస్తిలోని భాగాన్ని కూడా వీలునామాతో ఇచ్చే అధికారం 1956 హిందూ వారసత్వ చట్టంతో లభించింది.

4. చట్టం ముందడుగు: 1937–2020

1937 చట్టం వితంతువుకు కొడుకుతో సమానభాగం ఇచ్చినా, అది జీవితకాలపు పరిమిత హక్కు. పైగా వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. భూమే ప్రధాన సంపద అయిన పల్లెలలో ఈ మినహాయింపు ఎంత పెద్దదో ఊహించవచ్చు. 1956 చట్టం స్త్రీకి సంపూర్ణ యాజమాన్యం ప్రసాదించింది కాని, ఉమ్మడి కుటుంబంలో జన్మహక్కును పురుషులకే ఉంచింది.

ఆ లోపాన్ని సరిదిద్దుతూ కుమార్తెకు కుమారునితో సమానంగా జన్మహక్కు కల్పించిన తొలి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో వచ్చిన ఈ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలైంది. కాని ఆనాటికే వివాహమైన కుమార్తెలను మినహాయించింది. 2005 సెప్టెంబరు 9 నుండి అమలైన కేంద్ర సవరణ వివాహ భేదాన్ని తొలగించింది. ఆ తేదీ నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నోటిమాటగా పంపకం జరిగిపోయిందన్న వాదనను సాధారణంగా అంగీకరించరాదని కూడా చెప్పింది.

5. దస్తావేజు భాష, న్యాయసేవ

చట్టం మారినంత వేగంగా దస్తావేజు భాష మారలేదు. తెలుగు క్రయ, దాన పత్రాలలో ‘పుత్రపౌత్ర పారంపర్యంగా’ అన్న మాట నేటికీ పరిపాటి. కుమార్తె సమాన హక్కుదారు అయిన తరువాత కూడా లేఖరి కలం కొడుకునే తలచుకుంటుంది. పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమినో, కట్నాన్నో ఆడపిల్ల వాటాగా లెక్కగట్టే వాడుక సమాజంలో ఉంది. ఆ భావనతోనే సోదరులు సిద్ధం చేసిన హక్కు విడుదల పత్రంపై, అందులో ఏముందో తెలియకుండానే సంతకం చేసే స్త్రీలు ఉన్నారు. మోసాన్నో, బలవంతాన్నో కారణంగా చూపి ఆ పత్రాన్ని రద్దు చేయించుకోవాలంటే, సంగతి తెలిసిన 3 సంవత్సరాలలో దావా వేసి దానిని నిరూపించాలి. పుట్టింటితో సంబంధాన్ని పణంగా పెట్టి ఆ పనికి పూనుకోవడం తేలిక కాదు.

1976లో రాజ్యాంగంలో చేరిన 39ఎ అధికరణం ఉచిత న్యాయసహాయాన్ని రాజ్య బాధ్యతగా ప్రకటించింది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీ ఉచిత న్యాయసేవకు అర్హురాలు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను, మండల న్యాయసేవాధికార కమిటీని ఆశ్రయించవచ్చు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమాన విలువ ఉంటుంది. దానిపై అప్పీలు లేదు. కనుక రాజీకి ఒప్పుకొనే ముందే దాని షరతులను గ్రహించడం అవసరం.

ఈ చట్టం ‘న్యాయసేవ’ను నిర్వచిస్తూ కేసు నడపడంతో పాటు న్యాయవిషయాలపై సలహా ఇవ్వడాన్ని కూడా చేర్చింది. వారసత్వ విషయంలో ఈ రెండవ అంశమే కీలకం. సంతకానికి ముందు దొరికే సలహా తరువాతి దావాను నివారించగలదు.

6. ముగింపు

తెలుగునాట వారసత్వ చరిత్ర హక్కుల విస్తరణ చరిత్ర మాత్రమే కాదు, హక్కు పలికిన భాషల చరిత్ర కూడా. కేతన శాస్త్రాన్ని జనభాషలోకి తెచ్చాడు. వలసపాలన దానిని ఆంగ్లంలో బంధించింది. శాసనసభ 1985లో హక్కును విస్తరించింది. దస్తావేజు మాత్రం పాత నుడికారాన్ని వదలలేదు. విడుదల పత్రాలు, పారీఖత్తులు, వీలునామాల భాషను పరిశీలించి సంతకం చేసేవారికి అర్థమయ్యే నమూనాలు రూపొందించడం న్యాయవాదులతో కలిసి తెలుగు శాఖలు చేపట్టదగిన పరిశోధన. 13వ శతాబ్దంలో ఒక కవి స్వీకరించిన బాధ్యత నేడు భాషాపరిశోధకులది.