కేక్ మీద పువ్వు ఎందుకు ఏడ్చింది? రాయల్ ఐసింగ్ కథ

 

పోయిన నెల మా అక్క కూతురికి అయిదో పుట్టినరోజు. కేక్ బయట కొనొద్దు, నేనే చేస్తానని మాటిచ్చేశాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వీడియోలు చేసుకుంటున్నవాడికి ఇంట్లో ఎలాగూ పరువు కాస్త తక్కువే కదా, కేక్‌తో అయినా నిలబెట్టుకుందామని ఆశ. రెండు రోజుల ముందే గుడ్డు తెల్లసొన, ఐసింగ్ షుగర్, నిమ్మరసం కలిపి గిలక్కొట్టి, బటర్ పేపర్ మీద చిన్న చిన్న ఎర్ర గులాబీలు వేసి ఆరబెట్టాను. గట్టిగా, గులకరాళ్లలా వచ్చాయి. పుట్టినరోజు ముందు రాత్రి కేక్‌కి బటర్‌క్రీమ్ రాసి, పువ్వులు అతికించి, ఫ్రిజ్‌లో పెట్టి హాయిగా పడుకున్నాను.

పొద్దున తీసి టేబుల్ మీద పెట్టానా, కాసేపటికే రేకులు మెత్తబడి వాలిపోయాయి. ఎరుపు రంగు తెల్లటి క్రీమ్ మీదకి చారలు చారలుగా కారింది. పాప దగ్గరకొచ్చి చూసి, "మామయ్యా, పువ్వులు ఏడుస్తున్నాయి" అంది. మా అక్క ఏమీ అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

పాత అలవాటు ఎక్కడికి పోతుంది? బగ్ ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను. వెతుక్కుంటూ వెళ్తే రెండొందల యాభై ఏళ్ల వెనక్కి, ఇంగ్లండ్‌కి వెళ్లి తేలాను.

1769లో ఎలిజబెత్ రఫాల్డ్ అనే ఆవిడ మాంచెస్టర్‌లో ఒక వంటల పుస్తకం వేసింది. అంతకుముందు పెద్ద జమీందారీ భవంతిలో హౌస్‌కీపర్‌గా చేసి, తర్వాత సొంతంగా మిఠాయి దుకాణం పెట్టుకున్న మనిషి. ఆ పుస్తకంలో పెళ్లి కేక్ ఉంది. ఎండుద్రాక్ష అవీ దట్టించిన బరువైన కేక్. దాని మీద ముందు బాదం ముద్దతో ఒక పొర, ఆ పైన గుడ్డు తెల్లసొన, మెత్తటి చక్కెర కలిపిన తెల్లటి పొర. ఆ తెల్లసొనని అరగంటసేపు కత్తితో కొట్టమంటుంది. మిక్సీ లేదు, బీటర్ లేదు. ఎవరి చేతులు పడిపోయాయో పాపం.

ఇక్కడ బాదం పొరని గుర్తుపెట్టుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. తర్వాతి కాలం ఇంగ్లిష్ వంటవాళ్లు ఆ బాదం పొర వేశాక కొన్ని రోజులు ఆరనిచ్చి, అప్పుడే తెల్ల ఐసింగ్ వేసేవాళ్లు. లోపలి కేక్‌లోని తడి, రంగు, జిడ్డు పైకి రాకుండా అదొక గోడ అన్నమాట. అంటే ఈ తెల్ల ఐసింగ్‌కి కింద పొడి నేల కావాలని వాళ్లకి బాగా తెలుసు.

మరి దీనికి 'రాయల్' అనే పేరెలా వచ్చింది? 1840లో విక్టోరియా రాణి పెళ్లి కేక్ మీద వాడారు కాబట్టి అని చాలామంది చెప్తారు. నేను కూడా ఒక పాత వీడియోలో అలాగే చెప్పేశాను, క్షమించండి. ఆ పేరు 1770లో బొరెల్లా అనే మిఠాయి నిపుణుడి పుస్తకంలోనే కనిపిస్తుంది. విక్టోరియా పుట్టిందే 1819లో! ఆవిడ కేక్ వల్ల పేరు నలుగురి నోళ్లలో నలిగింది, అంతే. ఆ కేక్ కూడా తక్కువదేం కాదు లెండి. దాదాపు 300 పౌండ్లు, అంటే 136 కిలోలు. చుట్టుకొలత తొమ్మిది అడుగులు. పైన వధూవరులని దీవిస్తున్న బ్రిటానియా దేవి బొమ్మ, వాళ్ల కాళ్ల దగ్గర విశ్వాసానికి గుర్తుగా ఒక కుక్క.

1874లో బ్రిటన్ చక్కెర మీద సుంకం ఎత్తేసింది. రాజుల కేక్ మీది తెలుపు మెల్లగా మామూలు ఇళ్ల పెళ్లిళ్లకీ వచ్చింది. మళ్లీ రెండో ప్రపంచయుద్ధంలో, 1940లో, కేకుల మీద చక్కెర ఐసింగ్ వేయడాన్నే ప్రభుత్వం నిషేధించింది. అప్పుడు జనం ఏం చేశారో తెలుసా? అట్టతోనో ప్లాస్టర్‌తోనో చేసిన తెల్లటి ఉత్తుత్తి కేక్ అద్దెకి తెచ్చి, దాని కింద చిన్న అసలు కేక్ దాచి పెళ్లిళ్లు చేశారు. ఫొటోలో తెలుపు పడాలి కదా మరి.

ఇంతవరకూ ఎక్కడా వెన్న లేదు, గమనించారా? గట్టి పువ్వు గట్టి నేల మీదే కూర్చుంది. మన పంచదార చిలకలనే చూడండి. పాకం చెక్క అచ్చుల్లో పోసి తీసిన చిలకల్ని సారెలో పొడి పళ్లెంలో పేరుస్తారు. వాటిని తీసుకెళ్లి వెన్నముద్ద మీద గుచ్చాలని మన అమ్మమ్మలు ఎవరికైనా తోచిందా?

ఆ పని అమెరికాలో బాగా జరిగింది. అక్కడ బేకింగ్ పౌడర్‌తో తేలికైన, త్వరగా తినేసే కేకులు ఇంటింటా అలవాటయ్యాయి. నెలల తరబడి దాచే కేక్ కాదు కాబట్టి గట్టి పెంకు అక్కర్లేదు, మెత్తటి వెన్న క్రీమ్ చాలు. 1929లో షికాగోలో డ్యూయీ మెకిన్లీ విల్టన్ అనే ఆయన కేక్ అలంకరణ నేర్పించే పని మొదలుపెట్టాడు. ఇవాళ మన ఆన్‌లైన్ షాపుల్లో నాజిల్ సెట్ల మీద కనిపించే విల్టన్ పేరు ఆయనదే. రాయల్ ఐసింగ్ పువ్వుతో బేకరీకి పెద్ద లాభం ఒకటుంది. తీరిక ఉన్నప్పుడు వందలకొద్దీ చేసి ఆరబెట్టి డబ్బాలో దాచుకుంటే నెలల తరబడి ఉంటాయి, ఆర్డర్ రాగానే తీసి పెట్టడమే. అలా ఇంగ్లండ్ పువ్వు వచ్చి అమెరికా వెన్న మీద కూర్చుంది. మధ్యలో ఉండాల్సిన బాదం గోడ మాయమైంది. వేరే సిస్టమ్ కోసం రాసిన కోడ్‌ని తెచ్చి ఇక్కడ పేస్ట్ చేసినట్టు.

అయినా వాళ్లకి ఎందుకు పనిచేసింది, నాకెందుకు చెడింది? ఇక్కడే నాకు లైట్ వెలిగింది. అమెరికన్ బటర్‌క్రీమ్‌లో చక్కెర విపరీతంగా ఉంటుంది, వెన్న కంటే ఎక్కువే. అందులో ఉన్న కొద్దిపాటి నీరు ఆ చక్కెరతోనే నిండిపోయి ఉంటుంది. కొత్తగా పువ్వులోని చక్కెరని కరిగించే ఓపిక దానికి లేదు. పైగా కాసేపటికి పైన సన్నటి పొర కడుతుంది. నేనేం చేశాను? తీపి ఎక్కువైతే అక్క తిడుతుందని చక్కెర సగం తగ్గించి, పలచబడాలని పాలు పోశాను. అంటే పువ్వు కింద దాహంతో ఉన్న నీరు పెట్టానన్నమాట. అది చాలనట్టు రాత్రంతా ఫ్రిజ్. చల్లటి కేక్ బయటకి రాగానే గాలిలోని తేమ దాని మీద చెమటలా పడుతుంది. ఎర్ర రంగుకి అంతకంటే ఏం కావాలి?

మన బేకరీల్లో ఎక్కువగా కనిపించే విప్పింగ్ క్రీమ్ మీదైతే ఇంకా కష్టం, అందులో నీళ్లు చాలా ఎక్కువ. వెన్నలోని జిడ్డు కూడా పువ్వులోకి నెమ్మదిగా పాకి దాన్ని మెత్తబరుస్తుంది, కానీ దానికి టైం పడుతుంది. అందుకే పువ్వులు కోసే ముందు పెట్టమంటారు. ఇంకాస్త ముందే పెట్టాలంటే పువ్వు వెనక కరిగించిన వైట్ చాక్లెట్ పలచగా రాసి ఆరనివ్వాలి. ఆ పాత బాదం గోడ ఉంది చూశారూ, అదే ఈ వేషంలో తిరిగొచ్చిందని నాకనిపిస్తుంది.

తర్వాతి ఆదివారం మళ్లీ చేశాను. చక్కెర కొలత ప్రకారమే వేశాను. ఫ్రిజ్ జోలికి పోలేదు. పువ్వుల వెనక చాక్లెట్ రాసి, పాప కత్తి పట్టుకోవడానికి అరగంట ముందు ఒక్కొక్కటీ నొక్కిపెట్టాను. ఒక్కటీ కదల్లేదు. పాప ఒక గులాబీ పీకి నోట్లో వేసుకుని కరకరలాడించింది. మా అక్క ఒక ముక్క తిని, "తీపి మరీ ఎక్కువైంది రా" అంది.

సరేనండి, వచ్చే ఎపిసోడ్‌లో పంచదార చిలకల అచ్చుల గురించి మాట్లాడుకుందాం. మీ ఇంట్లో పాత చెక్క అచ్చులుంటే ఫొటోలు పంపండి. ఉంటాను.