తెర రిజల్యూషన్ సమస్యలు

తెర రిజల్యూషన్ అనగా కంప్యూటరు మానిటరుపై బొమ్మను ఏర్పరచే పిక్సెల్‌లు అనబడే చుక్కల సంఖ్య. దీనిని అడ్డు, నిలువు సంఖ్యలుగా చెబుతారు. ఉదాహరణకు 1366×768 అంటే అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు ఉన్నాయని అర్థం. ఈ అమరిక మానిటరుకు తగినట్లు లేకపోతే అక్షరాలు మసకబారడం, బొమ్మలు సాగిపోవడం, తెర పూర్తిగా నల్లబడడం వంటి ఇబ్బందులు కలుగుతాయి. వీటిలో చాలావాటిని మెకానిక్కు సహాయం లేకుండా ఇంటివద్దనే సరిచేసుకోవచ్చు.

సహజ రిజల్యూషన్

పాతకాలపు పిక్చర్ ట్యూబు మానిటర్లకు స్థిరమైన చుక్కలు లేవు. అందువలన అవి 640×480, 800×600, 1024×768 వంటి పలు అమరికలను దాదాపు ఒకే తీరులో చూపగలిగేవి. ఎల్‌సీడీ మానిటరు అలా కాదు. దాని తెరపై చుక్కల సంఖ్య తయారీలోనే నిర్ణయమై ఉంటుంది. దీనినే సహజ రిజల్యూషన్ అంటారు. 17 అంగుళాల చదరపు ఎల్‌సీడీలలో సాధారణంగా ఇది 1280×1024, 18.5 అంగుళాల వెడల్పు తెరలలో 1366×768, 21.5 అంగుళాల తెరలలో 1920×1080.

1920×1080 తెరకు 1280×720 అమరిక ఇస్తే బొమ్మలోని ఒక్కొక్క చుక్కను అడ్డంగానూ, నిలువుగానూ ఒకటిన్నర చుక్కలకు పరచవలసి వస్తుంది. తెరపై అర చుక్క ఉండదు కనుక పక్క చుక్కల రంగులు కలిసిపోయి అంచులు మసకబారుతాయి.

తెలుగు లిపిపై ప్రభావం

ఈ మసక ఇంగ్లీషు కంటే తెలుగును ఎక్కువగా బాధిస్తుంది. "స్త్రీ" అనే ఒక్క అక్షరంలో తలపై గుడి దీర్ఘం, మధ్యలో హల్లు, దానికి రెండు వత్తులు ఇమడాలి. ద, ధ, థ అక్షరాల మధ్య భేదం ఒక చిన్న గీత లేదా చుక్క మాత్రమే. ప, ఫ, ష అక్షరాలదీ అదే స్థితి. ఆ గుర్తు చెరిగిపోతే "అర్థము", "అర్ధము" ఒకేలా కనిపిస్తాయి. మొదటిది భావం, రెండవది సగం. తెరపై పాఠం చదివే విద్యార్థి తెలియకుండానే తప్పు నేర్చుకునే ప్రమాదం ఉంది.

అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని చాలామంది రిజల్యూషన్ తగ్గిస్తారు. ఇది సరైన పద్ధతి కాదు. రిజల్యూషన్‌ను సహజ స్థాయిలోనే ఉంచి, విండోస్ 10, 11లలో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోని "స్కేల్" విలువను 125 లేదా 150 శాతానికి పెంచాలి. అప్పుడు అక్షరాలు పెద్దవి అవుతాయి, వత్తులు చెడవు. బ్రౌజరులో మాత్రమే పెంచుకోవాలంటే కంట్రోల్ మీటతో కూడిక గుర్తు నొక్కితే చాలు.

అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తే అది రిజల్యూషన్ దోషం కాదు, ఫాంటు లోపం. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నప్పటికీ భారతీయ లిపుల సౌకర్యాన్ని విడిగా ఏర్పాటు చేసుకోవలసి వచ్చేది. 2012 నాటి విండోస్ 8 నుండి నిర్మలా యూఐ అనే ఫాంటు తెలుగును కూడా చూపుతుంది.

సాధారణ సమస్యలు, పరిష్కారాలు

* మసక అక్షరాలు: డెస్క్‌టాప్‌పై మౌసు కుడి మీట నొక్కి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవాలి. "రికమెండెడ్" అని ఉన్న రిజల్యూషన్‌ను ఎంచుకోవాలి. వీజీఏ తీగ వాడుతుంటే మానిటరుపై ఉండే "ఆటో" మీటను కూడా ఒకసారి నొక్కాలి.
* సాగిన బొమ్మ: గుండ్రని వస్తువు కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తే, వెడల్పు తెరకు 1024×768 వంటి చదరపు అమరిక ఇచ్చారని గ్రహించాలి.
* సరైన సంఖ్య జాబితాలో లేకపోవడం: డివైజ్ మేనేజర్‌లో "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే గ్రాఫిక్స్ డ్రైవరు లేదని అర్థం. కంప్యూటరు లేదా గ్రాఫిక్స్ కార్డు తయారీదారు ఇచ్చిన డ్రైవరును స్థాపించాలి.
* డ్రైవరు ఉన్నా జాబితాలో రాకపోవడం: మానిటరు తన సామర్థ్యాన్ని తీగలోని కొన్ని పిన్నుల ద్వారా కంప్యూటరుకు తెలియజేస్తుంది. వీజీఏ తీగలో 12, 15 సంఖ్యల పిన్నులు ఇందుకే ఉన్నాయి. అవి వంగినా, విరిగినా బొమ్మ వస్తుంది గాని మానిటరు గుర్తింపు జరగదు. తీగ మార్చి చూడాలి.

తెర నల్లబడినప్పుడు

విండోస్‌లో రిజల్యూషన్ మార్చిన తరువాత దానిని ధ్రువపరచకపోతే 15 సెకన్లలో పాత అమరిక తిరిగి వస్తుంది. కనుక తెర నల్లబడగానే ఏ మీటా నొక్కకుండా వేచి ఉండాలి. "అవుట్ ఆఫ్ రేంజ్" అనే సందేశం వస్తే మానిటరు శక్తికి మించిన అమరిక ఇచ్చారని తెలుసుకోవాలి. అది పోకపోతే మరొక మానిటరునో, టీవీనో తగిలించి అమరికను తగ్గించాలి. ఎక్స్‌పీలో ఎఫ్8 మీట ద్వారా వీజీఏ మోడ్‌లోకి, విండోస్ 10, 11లలో స్టార్టప్ సెట్టింగ్స్ ద్వారా తక్కువ రిజల్యూషన్ మోడ్‌లోకి ప్రవేశించవచ్చు.

బొగ్గుగని ప్రాంతాలలో జాగ్రత్తలు

సింగరేణి గనులున్న గోదావరిఖని, రామగుండం వంటి పట్టణాలలో బొగ్గు ధూళి కంప్యూటరు పెట్టెలో త్వరగా పేరుకుంటుంది. ధూళి వలన గ్రాఫిక్స్ కార్డు పంకా సరిగా తిరగక కార్డు వేడెక్కితే తెరపై గీతలు రావచ్చు. దీనిని రిజల్యూషన్ దోషంగా భ్రమించి అమరికలు మార్చుతూ పోతే ప్రయోజనం ఉండదు. ముందుగా విద్యుత్తు ప్లగ్గు తీసి, మెత్తని కుంచెతో ధూళిని తొలగించి, తీగలను ఊడదీసి తిరిగి గట్టిగా బిగించాలి. పిక్చర్ ట్యూబు మానిటరును మాత్రం ఇంట్లో ఎన్నడూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో ప్రాణాంతకమైన అధిక వోల్టేజి నిలిచి ఉండవచ్చు.

ఇవి కూడా చూడండి

* కంప్యూటరు
* యూనికోడ్
* తెలుగు లిపి
* సింగరేణి బొగ్గు గనులు