కారు మారు తాళంచెవి: కొనుగోలు, ప్రోగ్రామింగ్

కారు మారు తాళంచెవి అంటే పోయిన, విరిగిన, పనిచేయని కీకి బదులు కొత్తగా చేయించి, ఆ కారు కంప్యూటర్‌లో నమోదు చేయించుకునే కీ. వాడుకలో డూప్లికేట్ కీ, స్పేర్ కీ, సెకండ్ కీ అంటారు. ఒకప్పుడు ఇనుప బ్లేడును అచ్చు దించినట్టు కోస్తే పని అయిపోయేది. ఇప్పుడు కోత సగం పనే. కారు ఆ కీని గుర్తుపట్టేలా చేయడం మిగతా సగం. డబ్బు ఎక్కువగా పడేదీ, నిర్లక్ష్యం జరిగేదీ అక్కడే.

ఈ వివరాలు ముఖ్యంగా కొండాపూర్ వాసుల కోసం. ఇక్కడ చెప్పే కొండాపూర్ సంగారెడ్డి జిల్లాలోని మండల కేంద్రం, శాతవాహనుల నాటి తవ్వకాలకూ పురావస్తు మ్యూజియానికీ పేరున్న ఊరు. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్ వేరు. కీ పోయిన వేళ ఈ తేడా గుర్తుండాలి. ఇంటి దగ్గరికే వచ్చి కీ చేసేవాళ్లకు ఫోన్‌లో ఉత్త ‘కొండాపూర్’ అని చెబితే హైదరాబాద్ కొండాపూర్ అనుకునే అవకాశమే ఎక్కువ. సంగారెడ్డి కొండాపూర్ అని విడమరచి చెప్పి, రానుపోను ఖర్చు ముందే మాట్లాడుకోవడం మంచిది. అన్ని కీలూ పోయి కారు కదలకపోతే తాడు కట్టి లాక్కెళ్లే వీలూ ఉండదు. స్టీరింగ్ లాక్ పడిపోయి ఉంటుంది కాబట్టి కారును మొత్తంగా ఎక్కించుకుపోయే బండి కావాలి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకున్నవారు ముందు ఆ నెంబరుకు ఫోన్ చేయాలి. చాలా ప్యాకేజీల్లో కీ పోయిన సందర్భం కూడా ఉంటుంది.

చిప్ చేసే పని

కీ తలలో, ప్లాస్టిక్ డొప్ప లోపల, బియ్యపు గింజ కన్నా కాస్త పెద్ద గాజు గొట్టంలోనో చిన్న నల్లటి పలకలోనో ట్రాన్స్‌పాండర్ చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ లేదు. ఇగ్నిషన్ తాళం చుట్టూ ఒక తీగచుట్ట ఉంటుంది. కీ పెట్టి తిప్పగానే ఆ చుట్ట 125 కిలోహెర్ట్జ్ తరంగాలు వదులుతుంది. కొన్ని రకాల చిప్‌లకు ఇది 134.2 కిలోహెర్ట్జ్. చిప్ ఆ తరంగాల నుంచే కరెంటు తీసుకుని మేలుకుంటుంది. కారు ఒక అంకె పంపుతుంది, చిప్ తనలోని రహస్య సంకేతంతో దాన్ని మార్చి జవాబిస్తుంది. జవాబు సరిపోతేనే ఇంజిన్ కంప్యూటర్ ఇంధనం వదులుతుంది. ఈ ఏర్పాటే ఇమ్మొబిలైజర్. చిప్ లేని కీతో తలుపు తెరుచుకుంటుంది, స్టీరింగ్ లాక్ కూడా వదులుతుంది, బండి మాత్రం స్టార్ట్ కాదు. కొన్ని మోడళ్లు స్టార్టయినట్టే అయి ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతాయి. మీటర్ మీద కీ బొమ్మ లైటు మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది.

ఈ ఆలోచనకు తొలి రూపం 1980ల మధ్యలో జనరల్ మోటార్స్ కార్వెట్‌లో వచ్చింది. కీ బ్లేడులో చిన్న రెసిస్టర్ పొదిగారు. దానికి ఉన్న విలువలు పదిహేనే కావడంతో దొంగలకు అది పెద్ద అడ్డు కాలేదు. రేడియో చిప్‌లు 1990ల్లో వచ్చాయి. యూరప్‌లో 1998 నుంచి, కెనడాలో 2007 నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. అమెరికాలో ఆ నిబంధన లేదు. అక్కడ ఇమ్మొబిలైజర్ లేకుండా అమ్మిన హ్యుందాయ్, కియా కార్లను యూఎస్‌బీ కేబుల్ కొనతో తిప్పి ఎత్తుకుపోవచ్చని 2021 తర్వాత వీడియోలు పాకడంతో, చాలా నగరాల్లో ఆ కార్ల చోరీలు విపరీతంగా పెరిగాయి. అంత చిన్న చిప్ ఎంత పెద్ద కాపలా కాస్తోందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

రిమోట్ బటన్ల సంగతి వేరు. మన దేశంలోని కార్ల రిమోట్లు ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ మీద, బటన్ సెల్‌తో పనిచేస్తాయి. రిమోట్ మొరాయించగానే కీ పోయినట్టు కాదు, చాలాసార్లు సెల్ మారిస్తే సరిపోతుంది. సీఆర్2032, సీఆర్2025 రెండూ 20 మిల్లీమీటర్ల వెడల్పే, 3 వోల్టులే. మందంలో మాత్రం ఒకటి 3.2 మిల్లీమీటర్లు, రెండోది 2.5. పల్చటిది పెడితే బిగుతు చాలక రిమోట్ పనిచేస్తూ, మానేస్తూ ఉంటుంది. పుష్ బటన్ కార్లలో సెల్ పూర్తిగా దిగిపోయినా, కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా మోడళ్లు స్టార్టవుతాయి. తలుపు తీయడానికి స్మార్ట్ కీ లోపలే సన్నటి బ్లేడు దాగి ఉంటుంది.

బట్టల జేబులో ఉండిపోయి వాషింగ్ మెషీన్‌లో తడిసిన కీని వెంటనే పారేయకూడదు. రిమోట్ బోర్డు పాడైనా, గాజులో సీలు చేసిన చిప్ తరచూ బతికే ఉంటుంది. డొప్ప పగిలినప్పుడూ అంతే. డొప్ప ఒక్కటే కొని, పాత చిప్, పాత బోర్డు అందులోకి మార్చుకుంటే చాలు. ప్రోగ్రామింగ్ అవసరమే ఉండదు. మార్చేటప్పుడు చిప్ పాత డొప్పలోనే అతుక్కుని ఉండిపోయి చెత్తలోకి పోకుండా చూసుకోవాలి.

జాబితాలో చేర్చడం, జాబితా నుంచి తీసేయడం

ఇమ్మొబిలైజర్ ఉన్న ప్రతి కారూ తన కీల జాబితా ఒకటి పెట్టుకుంటుంది. స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. అక్కడ పరికరం తగిలించి, ఆ కారు పిన్ కోడ్ ఇచ్చి, కీలను ఒకదాని తర్వాత ఒకటి ఇగ్నిషన్‌లో పెట్టి జాబితాకు ఎక్కిస్తారు. చేతిలో పనిచేసే కీ ఒకటుంటే ఇది చిన్న పని. అన్నీ పోతేనే చిక్కు. అప్పుడు షోరూమ్ వాళ్లు ఛాసిస్ నెంబరుతో కంపెనీ నుంచి పిన్ తెప్పించాలి, లేదా బయటి టెక్నీషియన్ కంట్రోల్ యూనిట్ విప్పి మెమరీ చిప్ నుంచి చదవాలి. కొన్ని మోడళ్లలో లాక్‌సెట్టు, కంట్రోల్ యూనిట్ రెండూ మార్చాలని షోరూమ్ చెబుతుంది. అప్పుడు బిల్లు మామూలు స్పేర్ కీ ఖర్చుకు ఎన్నో రెట్లవుతుంది. మారు తాళంచెవి చేయించడానికి సరైన కాలం మొదటిది ఇంకా చేతిలో ఉన్నప్పుడే.

చాలామంది అడగని ప్రశ్న ఒకటుంది: పోయిన కీ సంగతేమిటి? కొత్త కీ చేయించినంత మాత్రాన పాతది చెల్లకుండా పోదు. అది జాబితాలో ఉన్నంతకాలం దొరికినవాడి చేతిలోనూ కారు స్టార్టవుతుంది. కాబట్టి పాత జాబితా మొత్తం చెరిపి, ఇప్పుడు చేతిలో ఉన్న కీలనే తిరిగి ఎక్కించమని నోరు తెరిచి అడగాలి. అలా చేసేటప్పుడు ఇంట్లో ఉన్న కీలన్నీ వెంట తీసుకెళ్లాలి. చాలా కార్లలో ఆ పూట ముందు పెట్టని కీ జాబితాలోంచి పడిపోతుంది. ఇంకొకటి, జాబితా నుంచి తీసేసినా పాత బ్లేడు తలుపు తాళంలో తిరుగుతుంది. ఇంజిన్ స్టార్ట్ కాకపోవచ్చు గానీ లోపలున్న వస్తువులకు రక్షణ ఉండదు. కీ ఎవరి చేతిలోనైనా పడిందన్న అనుమానం గట్టిగా ఉంటే తలుపు తాళం కూడా మార్పించుకోవాల్సిందే.

క్లోనింగ్ వేరే పద్ధతి. అందులో పాత చిప్ గుర్తింపునే ఖాళీ చిప్‌లోకి దించుతారు. కారుకు రెండూ ఒకే కీలా కనిపిస్తాయి. పని త్వరగా అవుతుంది, ధరా తక్కువే. కానీ రేపు వాటిలో ఒకటి పోతే దాన్నొక్కదాన్నే జాబితా నుంచి తీసేయడం కుదరదు. విడిగా నమోదు చేసిన కీనే కోరుకోవాలి.

కొనేటప్పుడు

అధీకృత సర్వీస్ సెంటర్లకు కొండాపూర్ వాసులు సంగారెడ్డికో, 65వ నెంబరు జాతీయ రహదారి మీదుగా పటాన్‌చెరు వైపో వెళ్తారు. అక్కడ ఆర్‌సీ, యజమాని గుర్తింపు కార్డు, పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు రసీదు అడుగుతారు. కీ ఆర్డర్ పెట్టి తెప్పించాలి కాబట్టి ఎదురుచూపు తప్పదు. కారు కొన్ననాడు కీ గుత్తికి వేలాడిన చిన్న నెంబరు బిళ్ల దాచుకుని ఉంటే బ్లేడు కోత సులువవుతుంది. దాన్ని కీతోపాటే గుత్తికి ఉంచకూడదు.

బయటి టెక్నీషియన్లలో పని బాగా తెలిసినవాళ్లున్నారు. ధరా తక్కువే ఉంటుంది. వారిని ఎంచుకోవడంలో తప్పులేదు. కానీ ఆర్‌సీ చూడకుండా, మీరెవరో అడగకుండా కీ చేసిచ్చేవాడి దగ్గర చేయించకండి. 2021 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక స్టార్ హోటల్ పార్కింగ్ నుంచి కన్నడ సినీ నిర్మాత ఫార్చ్యూనర్ మాయమైంది. 2022లో ఆ కేసులో పోలీసులు అరెస్టు చేసిన రాజస్థాన్ వాసి వాడినవి కీ ప్రోగ్రామింగ్ పరికరాలే.

ఆన్‌లైన్‌లో రిమోట్ కొనేవారు తరంగం చూసుకోవాలి. అమెరికా, జపాన్ మార్కెట్లకు చేసిన రిమోట్లు చాలావరకు 315 మెగాహెర్ట్జ్‌వి, 433 మీద వినే కారుకు అవి వినబడవు. చిప్ రకం కూడా కలవాలి. 46, 47, 4డి అంటూ టెక్నీషియన్లు చెప్పేది దాని గురించే. వాడేసిన స్మార్ట్ కీలు చాలావాటిని మొదటి కారుకే కట్టిపడేసి ఉంటారు.

ప్రోగ్రామింగ్ నడుస్తుండగా బ్యాటరీ దిగకూడదు. మధ్యలో ఓల్టేజీ పడిపోతే కంట్రోల్ యూనిట్‌కే ఎసరు రావచ్చు. పని ముగిశాక డబ్బిచ్చే ముందు ప్రతి కీతోనూ ఇంజిన్ స్టార్ట్ చేసి చూడండి, లాక్, అన్‌లాక్ బటన్లు నొక్కండి, బ్లేడుతో డ్రైవర్ తలుపు తీయండి. కీ బొమ్మ లైటు ఆరిందో లేదో చూడండి.

బీమా, సెకండ్ హ్యాండ్ కార్లు

కారు చోరీ క్లెయిమ్‌లో బీమా కంపెనీలు అన్ని కీలూ అప్పగించమంటాయి. ఒకటి ఎప్పుడో పోయి ఉంటే, అప్పటి ఫిర్యాదు రసీదు, కొత్త కీ బిల్లు చూపగలగాలి. ఆ రెండు కాగితాలూ లేక క్లెయిమ్ చిక్కుల్లో పడితే యజమాని నిజాయితీ ఒక్కటే సరిపోదు. కీ పోతే ఖర్చు భరించే యాడ్-ఆన్ పాలసీలు ఉన్నాయి. రెన్యువల్ రోజున అడగడం మర్చిపోవద్దు. డ్రైవర్ కీ వాహనంలోనే వదిలి దిగినప్పుడు జరిగిన చోరీ కేసులో, క్లెయిమ్‌ను పూర్తిగా తోసిపుచ్చకుండా 75 శాతం చెల్లించాలని సుప్రీంకోర్టు 2023లో తీర్పిచ్చింది. మిగిలిన పావు భాగం యజమాని పోగొట్టుకున్నట్టే.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? ‘రెండో కీ ఇంట్లో ఉంది, తర్వాత ఇస్తాం’ అనే మాట నమ్మి పూర్తి డబ్బు ఇవ్వకండి. ఎన్ని కీలు చేతికొచ్చాయో అమ్మకపు కాగితం మీద రాయించండి. అదే వారంలో సర్వీస్ సెంటర్‌కు వెళ్లి పాత జాబితా చెరిపించి, మీ దగ్గరున్న కీలనే నమోదు చేయించండి.