హొసే: ట్రినిడాడ్ వీధుల్లో కర్బలా

ట్రినిడాడ్ ద్వీపంలో ఏటా మొహర్రం నెల తొలి పది రోజుల్లో జరిగే సంస్మరణకు హొసే అని పేరు. క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో ఖలీఫా యజీద్ సేనల చేతిలో ప్రవక్త ముహమ్మద్ మనవడు హుసేన్, ఆయన వెంట ఉన్న కొద్దిమంది ప్రాణాలు కోల్పోయారు. అంతకు కొన్నేళ్ల ముందే ఆయన అన్న హసన్ విషప్రయోగానికి బలయ్యాడని షియాల విశ్వాసం. ఆ ఇద్దరి స్మృతిలో రంగు కాగితాలు, తళుకు రేకులు అద్దిన ఎత్తైన గోపురాలను కట్టి, తాషా డప్పుల మోత నడుమ వీధుల్లో నడిపించి, చివరికి సముద్రంలో కలపడం హొసేలోని ముఖ్య ఘట్టం. ఊరేగింపులో వినిపించే హుసేన్ నామస్మరణే ద్వీపవాసుల నోట పండుగ పేరుగా స్థిరపడింది. లోకం ట్రినిడాడ్‌ను కార్నివాల్ పేరుతోనే ఎక్కువగా గుర్తుపడుతుంది. ఆ దీవి చరిత్రలో హొసే స్థానం మాత్రం కార్నివాల్‌కు ఏమీ తీసిపోదు. వీధిలో నడిచే హక్కు కోసం నెత్తురు చిందిన పండుగ ఇది.

దీని వేళ్లు ఉత్తర భారతంలో ఉన్నాయి. షియా నవాబుల ఏలుబడిలో ఉన్న అవధ్‌లో, ముఖ్యంగా లక్నోలో, మొహర్రం సంతాపం జరిపే ఇమాంబాడాల నిర్మాణం, తాజియాల ఊరేగింపు పెద్ద ఎత్తున సాగేవి. తాజియా అంటే హుసేన్ సమాధికి ప్రతిరూపంగా వెదురుతో, కాగితంతో కట్టే నిర్మాణం. నవాబుల కోటల నుంచి ఈ ఆచారం పల్లెలకు పాకింది. అక్కడ సున్నీలూ, హిందువులూ కూడా తాజియాలకు మొక్కుకున్నారు, మోశారు, వాటి ముందు డప్పులు వాయించారు. తెలంగాణలో, రాయలసీమలో పీర్ల పండుగ చూసినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. ఊళ్లో ముస్లిం కుటుంబం ఒక్కటీ లేకపోయినా పీర్లను నిలబెట్టే పల్లెలు ఇక్కడా ఉన్నాయి. భోజ్‌పురి మాట్లాడే బిహారు, తూర్పు అవధ్ ప్రాంతాల పల్లెల్లోనూ సరిగ్గా ఇలాంటి వాతావరణమే ఉండేది. ట్రినిడాడ్‌కు వెళ్లిన కూలీల్లో ఎక్కువమంది ఆ పల్లెలవారే.

వారు అక్కడికి చేరడానికి కారణం చెరకు. బ్రిటిష్ వలసల్లో 1834లో బానిసత్వం రద్దయింది. ఆ తర్వాత కూడా పాత యజమానుల దగ్గరే పనిచేయాలన్న నిర్బంధం 1838తో తొలగిపోయింది. స్వేచ్ఛ పొందిన ఆఫ్రికన్లలో చాలామంది తోటలను విడిచి తమ దారి తాము చూసుకున్నారు. చవకగా, కదలకుండా పడి ఉండే మనుషుల కోసం తోటల యజమానులు భారతదేశం వైపు చూశారు. కలకత్తాలో బయలుదేరిన ఫతెల్ రజాక్ అనే ఓడ 225 మందితో 1845 మే 30న ట్రినిడాడ్ చేరింది. అప్పటి నుంచి 1917లో వలస ఆగేదాకా దాదాపు 1,44,000 మంది ఒడంబడిక కూలీలుగా ఆ దీవికి వెళ్లారు. వారిలో మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కిన కొన్ని వేలమంది తమిళులూ తెలుగువారూ ఉన్నారు. అక్కడ వీరందరినీ కలిపి మద్రాసీలనే పిలిచేవారు.

ఒడంబడిక గడువు ఐదేళ్లు. ఆ ఐదేళ్లూ కూలీ ఏ తోటకు చెందితే ఆ తోటలోనే ఉండాలి. చేతిలో అనుమతి చీటీ లేకుండా రోడ్డు మీద కనిపిస్తే పట్టుకుని శిక్షించేవారు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే హొసే వారికి ఎందుకంత ప్రాణప్రదమైందో అర్థమవుతుంది. ఏడాదంతా తోట హద్దు దాటడానికి వీల్లేని మనుషులు ఆ ఒక్కరోజు వేల సంఖ్యలో, డప్పులతో, తమ చేతులతో కట్టిన గోపురాలను ముందు పెట్టుకుని రాజమార్గం మీద నడిచి పట్టణంలోకి వెళ్లేవారు. 1850ల నాటికే దక్షిణాన చెరకు తోటల్లో తాజియాల ఊరేగింపు మొదలైంది. తాజియాను అక్కడ తాడ్జా అన్నారు. మొదట్లో యజమానులు అడ్డు చెప్పలేదు సరికదా సెలవిచ్చారు, ఖర్చులకు కొంత సొమ్ము కూడా ఇచ్చారు. ప్రతి తోటకూ తన తాడ్జా ఉండేది. ఎవరిది ఎక్కువ ఎత్తు, ఎవరిది ముందు నడవాలి అనే పంతాలు తోటల మధ్య నడిచేవి. ఒక్కోసారి అవి కర్రల కొట్లాటల దాకా వెళ్లేవి కూడా. అన్ని తోటల తాడ్జాలూ శాన్ ఫెర్నాండో పట్టణంలోకి చేరి, అక్కడి తీరంలో సముద్రంలో కలిసేవి.

ఈ ఊరేగింపుల్లో ముస్లింలు కొందరే. వారిలోనూ షియాలు మరీ తక్కువ. నడిచినవారిలో అధిక సంఖ్యాకులు హిందువులు. డప్పులు వాయించడానికి, తాడ్జాలు మోయడానికి ఆఫ్రికన్ సంతతివారు కూడా వచ్చేవారు. చెరకు తోటలో ఒకరి స్థానంలోకి మరొకరిని తెచ్చి, కూలి తగ్గించేందుకు ఒకరి మీద మరొకరిని వాడుకున్న వ్యవస్థలో ఈ రెండు జాతులూ ఒకే గోపురం కింద భుజం కలపడం చిన్న విషయం కాదు. పాలకులకు నచ్చనిదీ అదే.

1880ల ఆరంభంలో రెండు భయాలు ఒకటయ్యాయి. యూరప్ బీట్ దుంపల చక్కెర మార్కెట్‌ను ముంచెత్తడంతో చెరకు చక్కెర ధర పడిపోయింది. నష్టం పూడ్చుకోవడానికి యజమానులు అదే కూలికి ఎక్కువ పని మోపారు. తోటల్లో సమ్మెలు పెరిగాయి. మరోవైపు 1881లో రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో కార్నివాల్ వేళ ఆఫ్రికన్ సంతతివారు కాగడాలతో జరుపుకునే కాన్‌బులే ఊరేగింపును కెప్టెన్ బేకర్ నాయకత్వంలో పోలీసులు అణచబోతే వీధిపోరాటం చెలరేగింది. అప్పటికి దీవి జనాభాలో భారతీయులు దాదాపు మూడో వంతు. 1857 తిరుగుబాటు జరిగి మూడు దశాబ్దాలైనా కాలేదు. డప్పులు, కర్రలు పట్టుకుని వేలమంది భారతీయులు పట్టణంలోకి రావడమంటే వలస అధికారులకు గుండె దడ పుట్టేది. కాన్‌బులేను 1884లో నిషేధించారు. అదే ఏడాది జూలైలో హొసే వంతు వచ్చింది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్, శాన్ ఫెర్నాండో పట్టణాల్లోకి తాడ్జాలు రాకూడదనీ, తోటల లోపలే పండుగ ముగించుకోవాలనీ, భారతీయులు కానివారు అందులో పాల్గొనకూడదనీ కొత్త నిబంధనలు శాసించాయి.

కూలీలు మొదట చట్టబద్ధంగానే కదిలారు. సూకూ అనే హిందువు ముందుండి, మరో 31 మందితో కలిసి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. ఒక ముస్లిం సంస్మరణ కోసం అర్జీ మోసిన పెద్ద హిందువు కావడం ఆ రోజుల్లో తోటల్లో ఎవరికీ విడ్డూరం అనిపించి ఉండదు. అర్జీని తోసిపుచ్చారు. మూడు దశాబ్దాలుగా ఏటా నడిచిన దారిని మూసేస్తారని కూలీల్లో చాలామంది నమ్మలేదు.

1884 అక్టోబర్ 30, మొహర్రం పదో రోజు. చుట్టుపక్కల తోటల నుంచి తాడ్జాలు ఎప్పటిలాగే శాన్ ఫెర్నాండో వైపు కదిలాయి. పట్టణానికి వచ్చే దారుల్లో మోన్ రెపో కూడలి దగ్గర, దక్షిణాన సుంకం గేటు దగ్గర సాయుధ పోలీసులను, సైనికులను మోహరించారు. గుంపు దగ్గరపడగానే చెదిరిపొమ్మని చెప్పే అల్లర్ల చట్టాన్ని మేజిస్ట్రేటు ఇంగ్లీషులో చదివాడు. డప్పుల హోరులో, తెలియని భాషలో ఆ మాటలు ఎవరికీ అందే అవకాశమే లేదు. ఆ వెంటనే కాల్పులు జరిగాయి. ముందు వరుసల్లో నడుస్తున్నవారు నేలకొరిగారు. మృతుల సంఖ్య ఒక్కో లెక్కలో ఒక్కోలా, 12 నుంచి 22 దాకా ఉంది. గాయపడినవారు వందకు పైనే. ఊరేగింపులో నడిచినవారి దగ్గర తుపాకులు లేవు. పండుగ కర్రలే ఉన్నాయి.

విచారణకు జమైకా గవర్నర్ సర్ హెన్రీ నార్మన్‌ను పంపారు. ఆయన భారత సైన్యంలో ఎదిగినవాడు, 1857లో ఢిల్లీ ముట్టడిలో పాల్గొన్నవాడు. కాల్పులు సమర్థనీయమేనని ఆయన తేల్చాడు. ఎవరికీ శిక్ష పడలేదు. దాదాపు వందేళ్లపాటు ఈ ఘటన దీవి పాఠ్యపుస్తకాల్లోనూ చరిత్ర చర్చల్లోనూ మూలన పడి ఉంది. 1988లో చరిత్రకారుడు కెల్విన్ సింగ్ దీని మీద ప్రత్యేకంగా పుస్తకం వెలువరించాక మళ్లీ వెలుగులోకి వచ్చింది. భారతీయులు ఈ దీవిలో అణిగిమణిగి బతికారన్న అపోహకు 1884 నాటి ఆ రోజే గట్టి జవాబు.

కాల్పుల తర్వాత శాన్ ఫెర్నాండోలో హొసే కోలుకోలేదు. తోటల మధ్య చిన్నగా సాగి క్రమంగా సన్నగిల్లింది. అప్పట్లో రాజధానికి వెలుపల, పాత చెరకు తోట స్థలంలో వెలసిన సెయింట్ జేమ్స్ పేట మాత్రం దాన్ని నిలబెట్టుకుంది. ఒడంబడిక తీరిన భారతీయులు స్థిరపడిన చోటది. అక్కడి వీధులకు కలకత్తా, లక్నో, ఢిల్లీ, నేపాల్ అన్న పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. రచయిత వి.ఎస్. నైపాల్ చిన్ననాటి ఇల్లు ఆ నేపాల్ వీధిలోదే. నేడు హొసే ఘనంగా జరిగేది ఈ సెయింట్ జేమ్స్‌లోనూ, ద్వీపం నైరుతి కొసన, వెనిజులా వైపు చాచిన సెడ్రోస్ పల్లెల్లోనూ.

సెయింట్ జేమ్స్‌లో పండుగను కొన్ని పాత కుటుంబాలు మోస్తాయి. ఒక్కో కుటుంబానికి ఒక్కో లోగిలి, అందులో ఒక ఇమాంబాడా. తాడ్జా కట్టే పని వారాల ముందే మొదలవుతుంది. పని జరిగే చోట మాంసం, మద్యం నిషిద్ధం. కట్టేవారు నియమంగా ఉండాలి, పరాయి కళ్లు పడకుండా పని సాగాలి. వెదురు, సన్నని రెల్లు కర్రలతో చట్రం అల్లుతారు. దాని మీద కాగితం, రంగు రేకులు, ఈ మధ్య థర్మోకోల్ అంటిస్తారు. గుమ్మటాలు, మినార్లు, కిటికీల జాలీ పని అంతా ఇంటి మగపిల్లలు పెద్దల పక్కన కూర్చుని నేర్చుకునే విద్య. గీసిపెట్టుకున్న నమూనా అంటూ ఏదీ ఉండదు. ఏటికేడు రూపం మారుతుంది. నెలల సంపాదన, వారాల నిద్ర పోసి కట్టినదాన్ని చివరికి నీటిపాలు చేస్తారు. దాచుకోవడం ఆచారంలో లేదు.

తాడ్జాలతోపాటు రెండు చంద్రవంకలు ఉంటాయి. ఎర్రది హుసేన్‌ది, నెత్తురుకు గుర్తు. ఆకుపచ్చది హసన్‌ది, విషానికి గుర్తు. మనిషిని మించిన వెడల్పున్న ఆ బరువైన చంద్రవంకను ఒక్కడే భుజాన నిలుపుకుని, డప్పుల లయకు గిర్రున తిరుగుతూ నడుస్తాడు. చుట్టూ ఉన్నవారు మరొకరి భుజం సిద్ధంగా ఉంచి వరుస తప్పకుండా మార్చుకుంటారు. ఎర్ర చంద్రవంక, ఆకుపచ్చ చంద్రవంక ఎదురుపడి తాకే ఘట్టం అన్నదమ్ముల ఆలింగనం. దాని కోసం జనం గంటలకొద్దీ నిలబడతారు.

ఊరేగింపులకు ఒక క్రమం ఉంది. మొదటిది జెండాల రాత్రి. మరునాడు చిన్న తాడ్జాలు కదిలే చిన్న హొసే, ఆ పైరాత్రి పెద్ద హొసే. పదో రోజు పగటి ఊరేగింపుతో ప్రధాన ఘట్టం ముగుస్తుంది. తర్వాత మూడో రోజు జరిపే తీజాతో తాడ్జాలు నీటిని చేరతాయి. ఇస్లామీ క్యాలెండర్ చాంద్రమానం కావడంతో హొసే ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతూ కొన్నేళ్లు ఎండల్లో, కొన్నేళ్లు వానల్లో పడుతుంది. భక్తులు మలీద తెచ్చి సమర్పించి పంచుకుంటారు. రొట్టె పిండిలో చక్కెర, నెయ్యి కలిపి చేసే ఈ ప్రసాదం తెలంగాణ పీర్ల పండుగలోనూ అదే పేరుతో ఉంది. సముద్రాలకు అటూ ఇటూ ఒకే మొక్కుబడి ఒకే తీపితో తీరుతోంది.

డప్పుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మేకతోలు బిగించిన మట్టి గిన్నెలాంటి తాషాలు, రెండు వైపులా వాయించే పెద్ద ఢోలు, ఇత్తడి ఝాంజులు కలిస్తే ఒక బృందం. తోలు చల్లబడితే శబ్దం మొద్దుబారుతుంది. అందుకే వీధి పక్కన అట్టముక్కలతో చిన్న మంట వేసి, తాషాలను దాని చుట్టూ పేర్చి వేడి చేస్తారు. టంగుమనే శబ్దం పలికేదాకా వేలితో తట్టి చూసి మళ్లీ మెడలో వేసుకుంటారు. ఒక్కో లయను హ్యాండ్ అంటారు. కర్బలా పోరును వినిపించే యుద్ధపు హ్యాండ్ వేగంగా, ఉధృతంగా ఉంటుంది. అంతిమయాత్ర హ్యాండ్ నెమ్మదిగా, ఎడం ఎడంగా మోగుతుంది. ఇప్పుడు పెళ్లిళ్లలోనూ వేదికల మీదా లోహపు గిన్నె, ప్లాస్టిక్ తోలుతో చేసిన తాషాలు వచ్చాయి. వాటికి మంట అక్కర్లేదు. హొసేలో మాత్రం మేకతోలునే నమ్ముకునేవారు ఎక్కువ. ఆఫ్రికన్ సంతతి యువకులు తాషా మీద అందెవేసిన చేయి అనిపించుకున్నది కూడా ఈ వీధుల్లోనే.

ఇన్ని చేతులు కలిసిన పండుగపై విమర్శలూ అన్ని వైపుల నుంచీ వచ్చాయి. 1868 నుంచి దీవిలో పనిచేసిన కెనడా ప్రెస్బిటేరియన్ మిషనరీలు దీన్ని మూఢాచారం అన్నారు. సున్నీ పెద్దలు చాలామంది ఇస్లాం ఒప్పని పని అన్నారు. 1990ల్లో విదేశాల నుంచి వచ్చిన షియా బోధకులు ఇది శోకదినంలా లేదని, మార్చాలని చూశారు. చూడవచ్చే జనంలో కొందరు కార్నివాల్ ధోరణిలో తాగి ఆడడం లోగిళ్ల కుటుంబాలకు కూడా బాధ కలిగించేదే. ఆ కుటుంబాల దృష్టిలో డప్పు అలంకారం కాదు, మరణవార్తను ఊరికి వినిపించే గొంతు. వీధి అంచున బీరు సీసాతో నిలబడినవాడికీ, వారాలు నియమం పట్టి భుజాన చంద్రవంక మోస్తున్నవాడికీ హొసే ఒకటి కాదు. వీరిలో ఎవరి ఆచారాన్ని బట్టి దీన్ని అంచనా వేయాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఒడంబడిక కూలీలు వెళ్లిన పొరుగు దేశాల్లోనూ ఈ ఆచారం ఉండేది. జమైకాలో హుసే పేరుతో ఒకటి రెండు చోట్ల మిగిలింది. గయానా, సురినామ్‌లలో 20వ శతాబ్దం తొలి సగంలోనే తాజియాలు దాదాపు కనుమరుగయ్యాయి. ట్రినిడాడ్‌లో అది నిలవడానికి ప్రధాన కారణం మొక్కు. తాతలు పట్టిన తాడ్జాను మనవలు ఆపకూడదన్న మాట ఇంటింటా పాకింది. ఖర్చు కుటుంబమే భరిస్తుంది, ఇరుగుపొరుగు తలో చేయి వేస్తారు, చందాలూ ప్రభుత్వ సాయమూ కొంత తోడవుతాయి. సెయింట్ జేమ్స్ ప్రధాన రహదారి మీద ఆ రాత్రుల్లో పోలీసులు ఇప్పుడు వాహనాలను ఆపి తాడ్జాలకు దారి ఇస్తారు.