లంకల గన్నవరం సీతమ్మగారు



మా కాసిపేటలో ఇంటికి ఎవరొచ్చినా ముందు అడిగే మాట "బువ్వ తిన్నవా?" అని. మా అత్తమ్మ అయితే వాకిట్లో నిలబడి, దారిన పోయేవాళ్లను కూడా పిలిచి అడిగేది. బాయిలో రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్లు, పని వెతుక్కుంటూ కొత్తగా వచ్చి చుట్టాల ఇల్లు దొరకనివాళ్లు, అందరూ మా అరుగు మీదే. నేనప్పుడు కొత్త కోడలిని. పొయ్యి ఆర్పిన తర్వాత మళ్లీ ఎసరు పెట్టాలంటే కోపం వచ్చేది, దాచుకోవడమెందుకు! ఒకనాడు నా మొహం చూసి పక్క క్వార్టరులోని కోనసీమ పిన్నిగారు నవ్వారు. "మీ అత్తగారు మా సీతమ్మగారి కోవలో మనిషమ్మా" అన్నారు. ఆ సీతమ్మగారెవరో అడిగి, తర్వాత చదివి తెలుసుకున్నదే ఇవాళ మీతో చెప్పుకుంటున్నాను.

మన మంచిర్యాల పక్కనుంచి పోయే గోదావరే ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలుతుంది. అందులో వైనతేయ పాయ దగ్గరి ఊరు లంకల గన్నవరం. దొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి భవానీశంకరంగారు అడిగినవారికల్లా అన్నం పెట్టేవారు కనుక జనం ఆయన్ను "బువ్వన్న" అనే పిలిచేవారట. చిన్నతనంలోనే గన్నవరం జోగన్నగారితో పెళ్లయింది. ఆయన పొలం పుట్రా ఉన్న పండితులు.

అన్నపూర్ణ అని దండం పెట్టి ఊరుకుంటాం గానీ, ఆ అన్నం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడం. ఆమె పుట్టకముందు 1832-33లో నందన కరువు వచ్చి గుంటూరు సీమలో లెక్కలేనంతమంది చనిపోయారు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడక్టు కట్టి, ఏటి పైనుంచి కాలువను అవతలి లంకలకు దాటించారు. నీళ్లొచ్చాయి, వరి పండింది. సీతమ్మగారి గాదె నిండింది ఆ నీళ్లతోనే. అయితే గాదెలు నిండిన ఇళ్లు ఆ సీమలో ఇంకెన్ని లేవు? తలుపు తీసి పెట్టిన ఇల్లు ఆమెది.

పైగా అది దారిలో ఉన్న ఊరు. కోనసీమలో ఎటు పోవాలన్నా ఏరు దాటాలి. పడవ కోసం రేవులో పడిగాపులు, పిల్లల ఏడుపులు. అలాంటివాళ్లు వేళకాని వేళ తలుపు తడితే లేచి కట్టెల పొయ్యి రాజేసి వండటం, అదీ ఏదో పండగనాడు కాదు, ఏళ్ల తరబడి! ఆ చాకిరీ ఎంతో మనకే తెలుస్తుంది, మగవాళ్లు రాస్తే రెండు ముక్కల్లో తేల్చేస్తారు.

ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికని పల్లకీలో బయల్దేరారట. దారిలో కొందరు ప్రయాణికులు, ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని, ఇంకాస్త దూరం నడిస్తే సీతమ్మగారింట్లో అన్నం తినొచ్చని ఊరడించడం ఆమె చెవిన పడింది. వెంటనే పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్లకంటే ముందే ఇల్లు చేరి వంట మొదలుపెట్టారని చెప్పుకుంటారు. మా అత్తమ్మ కూడా ప్రతి ఏడూ వేములవాడ పోదామనేది. ఎవరో ఒకరు వచ్చేవారు. చివరికి పోనేలేదు. ఇది గొప్ప అనుకోవాలో, మేము పూనుకుని ఆమెను పంపకపోవడం మా తప్పనుకోవాలో నాకిప్పటికీ తేలలేదు.

సీతమ్మగారి పేరు సముద్రాలు దాటింది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి ఆహ్వానం వస్తే ఆమె వెళ్లలేదు, వచ్చేపోయేవాళ్లకు వండేదెవరని. ఫోటో అయినా తీయించుకొమ్మంటే, ఇలాంటివాటి కోసం నేను అన్నం పెట్టడం లేదు అన్నారట. తీసుకెళ్లకపోతే మా ఉద్యోగాలకే ముప్పని వచ్చినవాళ్లు బతిమాలాక ఒప్పుకున్నారని కథ. 1909 ఏప్రిల్ 28న కన్నుమూశారు. 2000లో గన్నవరంలో కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే పెట్టారు.

ఆ ఒక్క ఫోటో ఉండబట్టి సీతమ్మగారి మొహం మనకు తెలిసింది. మా మామగారి ఫోటో బాయి గుర్తింపు కార్డు మీద ఉంది. అత్తమ్మది వెతికితే మా ఆడబిడ్డ పెళ్లి ఆల్బంలో ఒక్కటే దొరికింది. బంతి చివర వంగి చారు పోస్తోంది. మొహం సగమే కనబడుతుంది, చేతిలో బకెట్ మాత్రం బాగా పడింది.